పండుగప్ప: కిలోన్నర వచ్చినా జన (కడుపులో గుడ్లు) లేదు, ఒకే ఈడు చేపల్లో ఇంత సైజు తేడా ఎందుకు?

లంక చెరువు అడిగింది:

నాగాయలంక వైపు రెండెకరాల ఉప్పునీటి చెరువు. సెలినిటీ, అంటే నీటిలో ఉప్పు, కాలాన్ని బట్టి 8 నుంచి 14 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో ఉప్పు భాగాలు) మధ్య ఉంటుంది. పండుగప్పకు తిండిగా జిలేబి చేపలు (తిలాపియా) ముందే వదిలి, రెండు నెలలు ఆగి, నాలుగంగుళాల పండుగప్ప సీడు (పిల్లలు) 3,500 వేశాం. తొమ్మిది నెలలైంది. రోజుకు ఒకసారి, సాయంత్రం తూము దగ్గర చిల్లర చేప ముక్కలు వేస్తాం. దొరకని రోజు తేలే మేత. వల లాగి చూస్తే కిలోన్నర చేపలూ ఉన్నాయి, 300 గ్రాములు దాటనివీ ఉన్నాయి. రెండు రకాలూ కోసి చూస్తే దేంట్లోనూ జన కనపళ్లేదు.

తెలిసినవాళ్లు చెప్పండి:
పెద్దవన్నీ ఆడవి, చిన్నవి మగవి అంటున్నారు ఇక్కడ. నిజమేనా?
కిలోన్నరవి ఒక వంద ఆపుకుని, తల్లిచేపలుగా పెంచి సొంతంగా సీడు తీయొచ్చా? వేరే చెరువులో వదిలేస్తే వాటంతటవే గుడ్లు పెడతాయా?
సైజు తేడా సీడులోనే ఉందా, మేపడంలో వచ్చిందా?

---

మొగ నీళ్లు:

మొదటి మాట నిజం కాదండీ. ఆడవి పెద్దవి, మగవి చిన్నవి అనేది టైగర్ రొయ్యల లెక్క. దాన్ని తెచ్చి పండుగప్పకు అంటగట్టారు.

పండుగప్ప మొదట మగదిగా ఎదుగుతుంది. మూడు నాలుగేళ్ల వయసులో, సుమారు రెండు మూడు కిలోల దగ్గర మగదిగా పక్వానికి వస్తుంది. ఒకటి రెండు సీజన్లో అంతకన్నా ఎక్కువో పాలు (వీర్యం) విడిచాక ఆ వృషణం కరిగిపోయి అదే చోట అండాశయం తయారవుతుంది. సహజంగా ఇది ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య జరుగుతుంది. బాగా మేపిన చేపల్లో ఇంకాస్త ముందే మారొచ్చు. ఏదైనా హ్యాచరీలో ఆడ తల్లిచేప అంటే నాలుగు కిలోల పైమాటే. అంటే ఆడది కాబట్టి పెద్దదవడం కాదు, పెద్దదయ్యాకే ఆడదవుతుంది. మీ చెరువులో కిలోన్నర చేపా, 300 గ్రాముల చేపా రెండూ ఇంకా పక్వానికి రాని మగవే. మీరు జన కోసం వెతికితే దొరక్కపోవడంలో వింతేం లేదు.

మళ్లీ కోసినప్పుడు పొట్ట పైభాగం చూడండి. పేగులు పక్కకు తీస్తే గాలితిత్తి కింద, రెండు వైపులా తోక దిక్కుకు పోయే సన్నటి పోగులు రెండు ఉంటాయి, దారం మందాన. అవే వృషణాలు. పేగుల చుట్టూ ముద్దగా పట్టి ఉండే తెల్లటిది వేరు, అది కొవ్వు. రెండూ తెల్లగానే ఉంటాయి కాబట్టి చాలామంది కలిపి గీకి పారేస్తారు. కొవ్వు వేళ్ల మధ్య నలిపితే జిడ్డుగా జారుతుంది, పోగు అలా జారదు.

ఇక చెరువులో గుడ్ల సంగతి. ఈ చేప పెరిగేది ఏట్లో, ఉప్పుటేట్లో, మడల్లో. కొన్నయితే మంచినీటి కాలువల దాకా ఎగదన్నుకుని పోతాయి. గుడ్లు మాత్రం మొగల దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, 28 నుంచి 35 పీపీటీ ఉప్పున్న నీళ్లలోనే పెడుతుంది. వానాకాలం చుట్టూ అమావాస్య, పౌర్ణమి పోట్లు చూసుకుని, పొద్దు వాలాక పోటు ఎక్కుతున్నప్పుడు మందగా చేరతాయి. అప్పుడు పడ్డ గుడ్డును పోటే లోపలికి, మడల పక్కకు తీసుకుపోతుంది. ఫలదీకరణ జరిగిన గుడ్డు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, లోపల ఒకే ఒక్క నూనె చుక్క. సముద్రపు ఉప్పులో తేలుతుంది. మీ 8–14 పీపీటీలో ఒకవేళ పడినా అడుగున బురదలోకి పోతుంది, పొదగదు. మంచినీళ్లలో మగచేప పాలు కూడా పనిచేయవు. అందుకే చెరువులో వదిలేస్తే పండుగప్ప బాగా పెరుగుతుంది తప్ప పిల్లల్ని పెట్టదు.

ఒక పక్క మాట. ఆస్ట్రేలియాలో ఇదే చేపను బారాముండి అంటారు. అక్కడి క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల లోపువీ, 120 సెంటీమీటర్లు దాటినవీ పట్టకూడదు. కింది హద్దు మగవి ఒక్కసారైనా పాలు విడవడానికి, పై హద్దు పెద్ద ఆడవాటిని కాపాడడానికి. 120 సెంటీమీటర్ల ఆడచేప 3 నుంచి 4 కోట్ల గుడ్లు పెట్టగలదు. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రపు వేట నిషేధం ఉంది గానీ, ఈ చేపకు అసలు గండం ఆ తర్వాత వానల్లో మొగల్లో అడ్డంగా కట్టే వలలతోనే. అక్కడ పడే పది కిలోల చేప ఆడదని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు.

---

గుడ్డు నుంచి సీడు దాకా:

పైన చెప్పినదంతా సరే. ఒక్క సవరణ: ఆసియా నీళ్లలో మగ దశ లేకుండానే నేరుగా ఆడవిగా ఎదిగేవి కొన్ని కనిపిస్తాయి. అయితే ఆ కొన్నింటిని నమ్ముకుని ఎవరూ బ్రూడ్ స్టాక్ (తల్లిచేపల మంద) కట్టరు.

రెండో ప్రశ్నకు వస్తా. వంద చేపలు ఆపుకోవడం తేలికే. వాటిని నాలుగు కిలోల దాకా మేపి, సముద్రపు నీళ్లలో ఉంచి, గుడ్డు తీసి, 25 రోజులు లార్వాను బతికించడం వేరే వ్యాపారం. మన దేశంలో చెన్నై దగ్గర ముట్టుకాడులో సిబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ) వాళ్లు దీన్ని హ్యాచరీలో సాధించింది 1997లో. ఏం చేయాలో చెబుతా, మీరే తూకం వేసుకోండి.

తల్లిచేపలు పెద్ద ట్యాంకుల్లో, రోజుకు 70–80 శాతం నీరు మారుతూ, 28 పీపీటీకి తగ్గకుండా ఉండాలి. మేత శరీర బరువులో 5 శాతం దాకా తాజా చేప. రోజూ కవళ్లే వేస్తే వాటిలో ఉండే ఒక ఎంజైము విటమిన్ బీ1ను నాశనం చేస్తుంది. అందుకని రకాలు మార్చాలి, విటమిన్ కలపాలి. బయటి పచ్చిచేపతో నోడా వైరస్ కూడా లోపలికి రావచ్చు, అది ఇంకో తలనొప్పి.

సీజన్‌లో మగదాని పొట్ట మెల్లగా నొక్కితే తెల్లటి పాలు వస్తాయి. ఆడదాన్ని పొట్ట ఉబ్బు చూసి తేల్చకూడదు, మేత తిన్నా ఉబ్బుతుంది. లవంగ నూనెతో మత్తిచ్చి, 1.2 మిల్లీమీటర్ల సన్నటి ప్లాస్టిక్ గొట్టం జనన రంధ్రంలోకి ఆరేడు సెంటీమీటర్లు పోనిచ్చి, నోటితో మెల్లగా పీలుస్తూ వెనక్కి లాగితే కొన్ని గుడ్లు వస్తాయి. స్లైడు మీద వేసి మైక్రోస్కోపులో కొలవాలి. 0.45 మిల్లీమీటర్లు దాటి, గుండ్రంగా, ఒకదానికొకటి అంటుకోకుండా ఉంటేనే ఇంజెక్షన్. అంతకన్నా చిన్న గుడ్డుకు మందు పొడిస్తే చేప అలసిపోవడం తప్ప ఫలితం ఉండదు. హార్మోను పండిన గుడ్డును విడిపిస్తుంది గానీ పచ్చి గుడ్డును పండించదు. మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మందు ఎల్‌హెచ్‌ఆర్‌హెచ్‌–ఏ అనే హార్మోను. ఆడదానికి కిలోకు 60–70 మైక్రోగ్రాములు, మగదానికి సగం. లెక్క ఇలా: 1 మిల్లీగ్రాము వయల్‌ను 5 మిల్లీలీటర్ల స్టెరైల్ నీటిలో కరిగిస్తే మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములు. ఐదు కిలోల ఆడదానికి 60 చొప్పున 300 మైక్రోగ్రాములు, అంటే 1.5 మిల్లీలీటర్లు. రెండున్నర కిలోల మగదానికి 30 చొప్పున 75, అంటే 0.4 మిల్లీలీటరుకు కాస్త తక్కువ. ఒక ఆడదానికి రెండు మగవి. పొద్దున ఏడింటికి పొడిస్తే 30–36 గంటలకు, అంటే మర్నాడు మధ్యాహ్నం దాటాక రాత్రిలోపు గుడ్లు పడతాయి. సాధారణంగా ఆ మరుసటి రాత్రి కూడా కొన్ని పడతాయి, ట్యాంకు వెంటనే ఖాళీ చేయకండి.

మంచి గుడ్డు గాజులా తేలుతుంది. చెడ్డది తెల్లబడి అడుగుకు చేరుతుంది, దాన్ని సైఫన్ చేసి తీసేయాలి. పొదిగే ట్యాంకులో లీటరుకు 100–200 గుడ్లు, లోపల సన్నగా గాలి. నీటి వేడి 27–30 డిగ్రీలుంటే 16–18 గంటల్లో పిల్ల బయటపడుతుంది. అప్పటికి ఒకటిన్నర మిల్లీమీటరే. రెండు రోజుల్లో కడుపులోని పచ్చసొన అయిపోతుంది, నోరు తెరుచుకుంటుంది. ఆ వేళకు రోటిఫర్ (కంటికి ఆనని నీటి జీవి, పిల్లల తొలి మేత) సిద్ధంగా లేకపోతే బ్యాచ్ పోయినట్టే. గుడ్డు తీయడానికి ముందే ఆల్గే, రోటిఫర్ కల్చర్లు నిండుగా ఉండాలనేది అందుకే. మూడో రోజు నుంచి సుమారు పదిహేనో రోజు దాకా రోటిఫర్, తొమ్మిది పది రోజుల నుంచి ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి రొయ్య లాంటి జీవి), పదిహేను దాటాక మెల్లగా పొడి మేత అలవాటు.

సాంద్రత కూడా అలాగే దించుకుంటూ రావాలి. మొదట లీటరుకు 40–50, పదో రోజుకు సగం.

మొదటి వారంలో నీటి మీద నూనె పొర కట్టనివ్వకండి. పిల్ల పైకొచ్చి ఒక గుక్క గాలి మింగితేనే గాలితిత్తి తెరుచుకుంటుంది. రోటిఫర్‌కు పెట్టిన కొవ్వు మేత తాలూకు జిడ్డు పైన తేలితే ఆ గుక్క దక్కదు. అలాంటి పిల్లలు తల పైకెత్తి కష్టంగా ఈదుతూ, నడుము వంకరతో పెరుగుతాయి. రెండు మూడు వారాల వయసులో రంగు మారి, గిరగిరా తిరిగి, తిరగబడి మూకుమ్మడిగా చచ్చిపోతుంటే అది నోడా వైరస్. దానికి మందు లేదు. తల్లిచేపలకు ముందే పీసీఆర్ (వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష) చేయించుకోవడమే దారి.

ఇదంతా మీ చెరువు గట్టు మీద కుదురుతుందా? సీడు కొనుక్కోవడమే నయమని నా అభిప్రాయం. తమిళనాడులో సీర్కాళి దగ్గర తొడువాయిలో ఆర్‌జీసీఏ (రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం) హ్యాచరీ ఉంది, సిబా ఉంది. ముందుగా అడిగి, బుక్ చేసుకుని, పీసీఆర్ రిపోర్టు చూసి తెచ్చుకోండి.

---

చెక్ నెట్:

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. మీ నష్టమంతా అక్కడే ఉంది.

సీడులో తేడా ఉండే ఉంటుంది. నాలుగంగుళాలని చెప్పి మూడు నుంచి ఐదు దాకా కలిపి పోస్తారు. పండుగప్పలో ఆ రెండంగుళాలే ప్రాణం మీదికి తెస్తాయి. ఐదు సెంటీమీటర్ల లోపు పిల్ల తన పొడవులో మూడింట రెండు వంతులున్న తోటి పిల్లను మింగేస్తుంది. పది సెంటీమీటర్లు వచ్చాక సగం పొడవున్నదాన్ని మింగుతుంది. కొన్నిసార్లు సగం మింగి, గొంతులో ఇరుక్కుని రెండూ చస్తాయి. నర్సరీలో చచ్చిన చేప నోట్లోంచి ఇంకో తోక బయటికి కనిపిస్తే అదే సంగతి. పదిహేను సెంటీమీటర్లు దాటాక ఈ బెడద తగ్గుతుంది. అందాకా హాపాల్లో (నీళ్లలో కట్టే వల తొట్లలో) ఉంచి మూడు నాలుగు రోజులకోసారి గ్రేడింగ్ చేయాల్సిందే. అడుగున ఒకే సైజు రంధ్రాలున్న ప్లాస్టిక్ టబ్బును నీళ్లలో తేలేసి పిల్లల్ని అందులో పోస్తే చిన్నవి కిందికి దిగిపోతాయి, పెద్దవి పైన ఆగుతాయి. 2.5 మిల్లీమీటర్ల నుంచి 10 దాకా టబ్బులు వరసగా ఉంటే పని తేలిక. ఎండెక్కకముందే చేయాలి, చేత్తో పట్టకూడదు, ముందు పూట మేత ఆపాలి.

అయితే మీ 300 గ్రాముల చేపలకు అసలు కారణం మేపిన తీరనిపిస్తోంది. మీరు రాసిన దాంట్లోనే మూడు కారణాలున్నాయి.

ఒకటి, తూము దగ్గర ఒక్కచోటే, ఒక్కపూటే. పెద్దవి ముందు వరసలో ఉంటాయి, చిన్నవి వెనక తిరుగుతుంటాయి. పండుగప్ప దిగుతున్న ముక్కను అందుకుంటుంది, అడుగున పడ్డదాన్ని ఏరుకోదు. గంప బోర్లించినట్టు ఒకేసారి వేస్తే పెద్దవి పట్టినంత పట్టి, మిగిలింది బురదపాలు. అక్కడే నీరు చెడి, ఆక్సిజన్ పడిపోతుంది.

రెండు, ముక్క సైజు. కిలో చేప నోటికి కోసిన ముక్క 300 గ్రాముల చేపకు పట్టదు.

మూడోది జిలేబి. ఆలోచన మంచిదే, పండుగప్ప కన్నా నెల రెండు నెలలు ముందు హెక్టారుకు 5,000 నుంచి 10,000 వదలడం అంతటా ఉన్న పద్ధతే. మొదటి నాలుగైదు నెలలు జిలేబి పిల్లలు అందరికీ దొరుకుతాయి. తర్వాత చిన్న నోటికి పట్టే పిల్లలన్నీ అయిపోయి, పెద్ద జిలేబిలే మిగులుతాయి. వాటిని కిలో చేప మింగగలదు, మీ చిన్నవి మింగలేవు. పైగా ఆ జిలేబిలే మీ తేలే మేత తిని, ఆక్సిజన్ వాడుకుంటాయి. దాంతో ఆర్నెల్ల దగ్గర మొదలైన తేడా తొమ్మిదో నెలకు మీరు చూసినంత అవుతుంది.

వేసిన లెక్క మాత్రం తప్పు కాదు. జిలేబితో కలిపి పెంచితే హెక్టారుకు 3,000–5,000 పండుగప్ప, అంటే ఎకరాకు 1,200–2,000. మీది 1,750. విడిగా మేత మీదే పెంచేవాళ్లు ఎకరాకు నాలుగు నుంచి ఎనిమిది వేలు వేస్తారు, వాళ్లకు ఏరేటర్లు తప్పవు.

ఖర్చు వైపు కూడా చూడండి. చిల్లర చేప నాలుగు నుంచి ఎనిమిది కిలోలు పెడితే కిలో పండుగప్ప. మంచి తేలే మేత అయితే 1.6–1.8 కిలోలు. ప్రోటీన్ 40 శాతానికి తగ్గకూడదు. కార్పు మేత వేస్తే పొట్ట నిండుతుంది, చేప ఎదగదు. చిల్లర చేప కిలో ధరను ఆరుతో హెచ్చించి, మేత ధరను 1.8తో హెచ్చించి పక్కపక్కన రాసుకోండి. ఐసు, కోత కూలి కలిపితే చిల్లర చేప చవకనే మాట చాలాచోట్ల నిలవదు.

ఇప్పటినుంచి చేయాల్సింది: పొద్దున, సాయంత్రం రెండు పూటలా, గట్టు వెంబడి మూడు చోట్ల. గుప్పెడు గుప్పెడుగా. ముందు పెద్దవి తిని వెనక్కి తగ్గాక కూడా పది నిమిషాలు వేస్తూ ఉండాలి, చిన్నవి అప్పుడే వస్తాయి. 300 గ్రాముల చేపకు బరువులో 3 శాతం చుట్టూ, కిలో దాటినదానికి ఒకటి, ఒకటిన్నర శాతం చాలు. తెల్లారుజామున డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) లీటరుకు 4 మిల్లీగ్రాములకు పడిపోతుంటే ఆ పూట మేత ఆపండి. డిసెంబరు, జనవరిలో నీరు 24–25 డిగ్రీలకు దిగితే ఆకలి చస్తుంది, లెక్క ప్రకారం వేయకుండా తిన్నంతే వేయండి. ఈ చేపకు నచ్చేది 28–32.

---

లంక చెరువు:

అందరికీ థ్యాంక్సండి. తల్లిచేపల ఆలోచన మానేస్తున్నా. రెండు సందేహాలు మిగిలాయి. పెద్దవి తీసేస్తే చిన్నవి అందుకుంటాయా, లేక జన్మంతా అలాగే గిడసబారి ఉంటాయా? ఈసారి సీడు తెచ్చేటప్పుడు సముద్రపు ఉప్పులోంచి మా 10 పీపీటీకి నేరుగా దించొచ్చా?

---

చెక్ నెట్:

అందుకుంటాయి. 300 గ్రాముల చేప నడుము నిటారుగా ఉండి, మొప్పలు ఎర్రగా ఉంటే అది ఆకలితో ఆగిందే. మేత దొరికితే మళ్లీ ఎదుగుతుంది. నడుము వంగినవి, దవడ పొట్టిగా ఉన్నవి, తల పెద్దగా ఒళ్లు సన్నగా ఉన్నవి ఏరేయండి, వాటికి పెట్టిన మేత దండగ. మొప్ప మూత ఎత్తి చూస్తే ఎర్రటి పోగుల మధ్య బియ్యపు గింజంత పురుగులు వేలాడుతుంటే అది పరాన్నజీవి. అలాంటప్పుడు మేత పెంచినా ఒంటికి పట్టదు, ముందు దాన్ని చూపించండి.

మొత్తం పెద్దవన్నీ ఒకేసారి పట్టకండి. 800 గ్రాములు దాటినవి రెండు విడతల్లో తీయండి. 24 గంటల ముందు మేత ఆపాలి, లేకపోతే ఐసులో కూడా పొట్ట మెత్తబడుతుంది. తెల్లారకముందే వల దించాలి. పండుగప్ప వల అంచు మీదుగా ఎగురుతుంది, కాబట్టి పై తాడును మనుషులు నీటికి అడుగు పైన ఎత్తి పట్టుకుని నడవాలి. వల బిగించాక చిన్నవాటిని ముందు వదిలేయండి, ఒత్తిడిలో పొలుసులు రాలితే ఆ పుండ్ల మీద బ్యాక్టీరియా పడుతుంది. వదిలిన రోజు మేత వద్దు. అదే వలలో వచ్చిన పెద్ద జిలేబిలను కూడా గట్టెక్కించండి.

---

గుడ్డు నుంచి సీడు దాకా:

సీడు సంగతి. ఈ చేప ఉప్పు మార్పును బాగా ఓర్చుకుంటుంది గానీ ప్రయాణపు అలసట, ఉప్పు మార్పు, వేడి తేడా మూడూ ఒకేసారి పడితే మొదటి వారంలో నష్టం కనిపిస్తుంది. బుక్ చేసేటప్పుడే మీ చెరువు సెలినిటీ చెప్పి, హ్యాచరీలోనే నాలుగైదు రోజుల్లో 10–12కు దించి ఇమ్మనండి. వాళ్లు చేయకపోతే మీ దగ్గర ట్యాంకులో రోజుకు 5 పీపీటీ చొప్పున దించుకోండి.

అంగుళం సీడు చవగ్గా దొరుకుతుందని నేరుగా చెరువులో పోయొద్దు. అది నర్సరీ చేయగలిగినవాళ్లకే. హాపాలో మొదటి వారం చిల్లర చేప మెత్తగా కోసి బరువుకు సమానంగా, అంటే నూరు శాతం వేస్తారు. రెండో వారం 60, మూడో వారం 40. ముక్క నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు. కానీ మీరు చివరకు తేలే మేతకే వెళ్లాలనుకుంటే చిల్లర చేప రుచి అసలు చూపించకండి, మేతకు అలవాటు పడిన సీడే కావాలని అడిగి తెచ్చుకోండి. దించే ముందు సంచిలోంచి ఒక వంద పిల్లల్ని తీసి స్కేలు మీద కొలవండి. చిన్నది పెద్దదాని పొడవులో సగానికి దగ్గరగా ఉంటే గ్రేడ్ చేసి ఇమ్మని వెనక్కి పంపడమే.